గుఱ్ఱపుడెక్కయు ప్రజాధనమును



నేటి ప్రసంగమునకు విషయము ఒక కలుపుమొక్క. రాజుల కథయో రాజ్యముల కథయో వినగోరి కూర్చున్న పెద్దలకు ఇది స్వల్పవిషయముగా తోచవచ్చును. కాని దీనిని పెఱికించుటకై శాసనములు చేసిన ప్రభుత్వములు కలవు. దీనిని దేశమునుండి వెడలగొట్టెదమని మాటయిచ్చి ఓట్లడిగిన రాజకీయపక్షములు కలవు. దీని పేర ఖర్చు వ్రాసిన ధనమునకు మేరయే లేదు. ఇన్ని కలిగిన మొక్కకు చరిత్ర లేదనుట యెట్లు? అది మీరందఱు ఎఱిగిన గుఱ్ఱపుడెక్క.

కృష్ణా గోదావరీ మండలములవారికి దీనిని వర్ణించి చెప్పనక్కఱలేదు. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు తూడును, గుఱ్ఱపుడెక్కను తీయించుట అచ్చట ఏటేట జరుగవలసిన పని. ఆ పని జరుగని యేడు మురుగుకాలువ వంతెనలకడ ఈ మొక్క అడ్డుపడి, నీరు ఎగదన్ని, నాటిన చేలు మునుగుట కూడ వారెఱిగినదే. మెట్టప్రాంతపు శ్రోతలకొఱకు రెండు మాటలు చెప్పెదను. ఆకు గుండ్రముగా, దళసరిగా, నిగనిగలాడుచు గుఱ్ఱపు డెక్కను పోలియుండును. కాడ నడుమ బుఱ్ఱవలె ఉబ్బి లోపల గాలి నిండియుండును గావున మొక్క నీటిపై తేలును. వేళ్లు నల్లని కుచ్చులుగా నీటిలో వ్రేలాడును. పువ్వు లేత ఊదారంగుది. పై రేకుమీద నెమలికన్ను వంటి పచ్చని చుక్క. చూచువారు ముచ్చటపడక మానరు. ఆ ముచ్చటయే దీనికి సముద్రములు దాటు ఓడయైనది.

ఒక గ్రామములో మాటలాడుచుండగా ఒక పెద్దమనిషి నన్ను ఇట్లడిగినాడు. “అయ్యా, పట్టణములోని ఉద్యానవనపు కొలనులో ఈ మొక్క పెరిగినదట. దానిని తీయించుటకు ప్రభుత్వము లక్షలు మంజూరు చేసినదట. మా యూరి కాలువకు లేని డబ్బు షికారు కొలనుకు ఎక్కడిది? తోటలో తిరుగువారే చందాలు వేసికొనరాదా?” ప్రశ్న న్యాయమైనదే. అప్పటికి నేను సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. తరువాత ఈ మొక్క చరిత్ర చదివినకొలది, ఆయన ప్రశ్నకు సమాధానము అందే యున్నట్లు నాకు తోచినది.

దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. 1817 మొదలు 1820 వఱకు బ్రెజిలులో పర్యటించిన మార్షియస్ అను జర్మను పండితుడు దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. తరువాత మఱియొక పండితుడు ప్రష్యా దేశపు మంత్రియైన ఐకార్న్ పేర దీనికి ఐకార్నియా అని నామకరణము చేసెను. పాపము, ఆ మంత్రి చేసిన మంచిపనులేవో లోకము మఱచినది గాని ఈ కలుపువలన ఆయన పేరు మాత్రము నిలిచినది. పుట్టినచోట ఇది ఇంత పెంకెమొక్క కాదు. అచ్చట దీని ఆకును కొఱుకు పురుగులు, కాడను తొలుచు పురుగులు అనేకములు కలవు. ఏటి వఱదలు దీనిని ఊడ్చికొనిపోవుచుండును. పుట్టింటివారి అదుపులోనున్నంత కాలము అడవిలో నొక పువ్వుగా మాత్రమే యుండెను.

పంతొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా రాజ్యములు ప్రపంచమంతట వృక్షవనములు నాటినవి. ఒక దేశపు మొక్కను మఱియొక దేశమున పెంచి చూపుట ఆనాటి వేడుక. కొంతవఱకు వ్యాపారము కూడ. జావా ద్వీపమునందలి బొగోరు వృక్షవనములోనికి 1894లో గుఱ్ఱపుడెక్క చేరినది. సయాము రాజకుటుంబమువారు 1901లో జావానుండి దీనిని తెచ్చి బ్యాంకాకునందలి ఒక రాజమందిరపు కొలనులో నాటించిరట. వఱద వచ్చి కొలను పొర్లినది; మొక్క నగరపు కాలువలలో పడినది. పండ్రెండేండ్లు తిరుగునప్పటికి, అనగా 1913లో, సయాము ప్రభుత్వము ఈ ఒక్క మొక్కకొఱకే ప్రత్యేకముగా నొక శాసనము చేయవలసివచ్చెను. ఎవరి నీటిలో మొక్క కనబడునో వారు దానిని నాశనము చేయవలెను, చేయనివారికి జరిమానా. అచ్చటి ప్రజలు నేటికిని దీనిని జావా మొక్క యనియే పిలుతురు. రాజుగారి కొలనులో పూచిన పువ్వునకు రైతు జరిమానా చెల్లింపవలసివచ్చినదన్నమాట. ఈ తీరు మఱల మఱల మీకు వినబడును.

అదే కాలమున అమెరికా సంయుక్తరాష్ట్రములలో జరిగినదేమనగా: 1884లో న్యూ ఆర్లియన్సు నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనమునందు ఈ పువ్వును చూచినవారు ముచ్చటపడి మొక్కలు ఇండ్లకు కొనిపోయిరని వాడుక. ఆ ప్రదర్శనపు మాట నిజమైనను కాకున్నను, 1890 ప్రాంతమున ఫ్లోరిడాలో సెయింట్ జాన్సు నది యొడ్డున తన కొలనులో మొక్కలు మితిమీఱగా ఒక గృహస్థు కుటుంబమువారు వానిని నదిలో పాఱవైచిరి. నదియొడ్డు పూలతో సొంపుగా నుండునని కూడ వారి తలంపు. అయిదాఱేండ్లలో ఆ నదిలో పొగపడవలు నడచుట, దుంగలు తేలివచ్చుట కష్టమైపోయెను.

ఇంత త్వరగా ఎట్లు పెరిగినదని మీరడుగవచ్చును. 1948లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞులైన పెన్‌ఫౌండు, ఎర్లు అనువారలు దీని లెక్క కట్టి ప్రకటించిరి. అనుకూలమైన నీటిలో ఈ మొక్క రెండు వారములకొకసారి రెట్టింపగును. మార్చి నడుమ పది మొక్కలున్నచో నవంబరు నడిమికి 6,55,360 మొక్కలై ఎకరము నీటిని కప్పివేయును. మన పెద్దలకు చక్రవడ్డీ బోధింప నక్కఱలేదు గాని ఈ లెక్కను వెనుకనుండి చదివిన మఱియొక సంగతి తెలియును. నవంబరు నడుమ ఎకరము నిండిన కొలనులో నవంబరు మొదట అరయెకరమే యుండును. అక్టోబరు నడిమికి పావు ఎకరము. సెప్టెంబరు నడిమికి ఆఱు సెంట్లు మాత్రమే. ఆఱు సెంట్ల పూలను చూచి ఎవరు ఫిర్యాదు చేయుదురు? తోటకు వచ్చినవారు కూర్చుండి ఆనందింతురు. జూలైలో చూచినచో ఒక మూల చిన్న గుంపు. తోటమాలి కంటికైనను ఆనదు.

ఇక బరువు. ఎకరము నిండిన దట్టమైన గుఱ్ఱపుడెక్క నూఱు టన్నులకు పైమాట. అందు నూటికి 95 పాళ్లు నీరే. కావున దీనిని లాగించి, బండ్లకెత్తించి, దూరము తోలించుట యనగా కూలియిచ్చి నీటిని మోయించుటయే. మార్చిలో తోటమాలి యొకడు గంపలో వేసికొనిపోదగిన పది మొక్కలకు, నవంబరులో నూఱు టన్నుల బరువుకు నడుమ నున్న భేదమే ప్రజాధనపు కథ యంతయు. మన ప్రభుత్వముల ఆర్థికసంవత్సరము ఏప్రిలులో మొదలగును. అంచనా వ్రాయవలెను, పై అధికారి సంతకము కావలెను, టెండరు పిలువవలెను. కాగితము ఒక బల్లనుండి మఱియొక బల్లకు పోవు రెండు వారములలో కొలనులోని మొక్క రెట్టింపగును. అంచనా వ్రాసిననాటి మొక్క వేఱు. పని మొదలైననాటి మొక్క వేఱు.

ఫ్లోరిడా, లూసియానా రాష్ట్రముల మొఱ విని అమెరికా శాసనసభ 1899లో మొదటిసారి ఈ పనికి ప్రజాధనము కేటాయించెను. నదులపై నాధిపత్యము యుద్ధశాఖవారి ఇంజనీర్లది గావున పని వారికప్పగించిరి. వారు మొక్కను నలిపివేయు పడవలు కట్టించిరి. ఒక చివర నలుపుచుండగా మఱియొక చివర పెరుగుచుండెను. 1902లో రసాయనములు వాడుటకు అనుమతి వచ్చెను. ఆ దినములలో కలుపును చంపు రసాయనమన్న పాషాణమే. పాషాణము చల్లిన ఆకు పశువు తిన్న ఏమగునో రైతులైన మీకు చెప్పనేల? 1905లో, పశువులకు హాని చేయు మందులు ఫ్లోరిడాలో వాడరాదని శాసనసభయే నిషేధింపవలసివచ్చెను.

1910లో జరిగిన యొక ముచ్చట చెప్పకుండ ముందునకు పోలేను. లూసియానా ప్రతినిధియైన బ్రూసార్డు అను నాతడు సభలో నొక బిల్లు ప్రవేశపెట్టెను. ఆఫ్రికానుండి నీటిగుఱ్ఱములను తెప్పించి నదులలో విడిచినచో అవి గుఱ్ఱపుడెక్కను మేసివేయును, ఆ జంతువుల మాంసము ప్రజలకు ఆహారమగును. దానికి రెండున్నర లక్షల డాలర్లు ఇప్పింపుడని అతని ప్రార్థన. గుఱ్ఱపుడెక్కకు నీటిగుఱ్ఱమే విరుగుడని మన భాషలోనైన చమత్కారముగా నుండెడిది. సభ సమ్మతింపలేదు, మంచిపని చేసినది. ఒక పరదేశపు పువ్వును అదుపుచేయలేనివారు నీటిగుఱ్ఱమును ఎట్లు అదుపు చేసెడివారో!

ఇక మన దేశమునకు వత్తము. గుఱ్ఱపుడెక్క చరిత్రలో వంగదేశమునకున్న స్థానము మఱి యే దేశమునకును లేదు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ఇదియు అలంకారపు మొక్కగానే అచ్చటికి వచ్చినది. తూర్పు వంగము నీటి దేశము. వానకాలమున చేనికి, ఏటికి, ఊరికి నడుమ ఎల్లలుండవు. 1914లో ఐరోపా యుద్ధము మొదలగునప్పటికి నదులపై జనుము తెచ్చు పడవలకు, నీటిలో పెరుగు వరిపైరులకు ఈ మొక్క శత్రువై నిలిచినది. యుద్ధకాలపు వదంతులకు లోటేమి? శత్రువులైన జర్మనులే దీనిని పంపిరని ప్రజలు నమ్మి “జర్మను పానా” అని పేరుపెట్టిరి.

ఆ యుద్ధకాలముననే మఱియొక చిత్రము జరిగినది. పొటాషు అను ఎరువు అంతవఱకు జర్మనీనుండి వచ్చెడిది, యుద్ధముతో ఆగిపోయెను. గుఱ్ఱపుడెక్కను కాల్చిన బూడిదలో పొటాషు సమృద్ధిగా నున్నదని వ్యవసాయశాఖవారు కనుగొని, ఆ బూడిద అమ్మకమును ప్రోత్సహించిరి. కలుపును కాసులుగా మార్చుట మంచి ఊహయే. కాని బూడిదకు ధర పలుకునంతకాలము కలుపు సరకగును. సరకును నిర్మూలింపుమని ఎవరితో చెప్పగలము? యుద్ధము ముగిసి జర్మనుల పొటాషు మఱల వచ్చుటతో బూడిద బేరము పోయినది. నీటిపై మొక్క మాత్రము మిగిలినది. నేడు దీని నారతో బుట్టలల్లుటయు, దీనితో ఎరువు చేయుటయు విందుము. తీసిన మొక్కను వ్యర్థము చేయకుండుట మంచిదే. కాని ఎరువు చేయుటకై మొక్క యుండవలెననుకొన్ననాడు కథ మఱల వంగదేశపు బూడిద వద్దకే వచ్చును.

1921లో వంగ ప్రభుత్వము ఒక విచారణసంఘము నియమించెను. దాని అధ్యక్షుడు సాక్షాత్తు జగదీశచంద్ర బోసు. మొక్కలకును స్పందనము కలదని లోకమునకు చాటిన మహానుభావుని, మొక్కను చంపు మార్గము చెప్పుమని పిలిచిరి. రసాయనము చల్లవలెనని కొందఱు, చేతితో తీయుటయే మేలని కొందఱు, మొదట దీని జీవితవిధానము తెలిసికొనవలెనని కొందఱు వాదించిరి. వాదములు పండితులకు దగినవే. అయితే సంఘము కూర్చున్న యేటినుండి శాసనము పుట్టిన యేటికి పదునైదేండ్లు పట్టినది. రెండు వారముల రెట్టింపు లెక్క మీకిదివఱకే చెప్పితిని.

1936వ సంవత్సరపు వంగదేశ గుఱ్ఱపుడెక్క శాసనము రెండు ముఖ్యవిషయములు చెప్పినది. తోటలలోను, అలంకారపు నీటిలోను దీనిని ఎవరును పెంచరాదు. ఎవరి అనుభవములోనున్న నేలమీదనైనను, నీటిలోనైనను ఇది యున్నచో వారు తొలగింపవలెను. మొదటి విధి నలుబదియేండ్ల ముందు వచ్చియుండవలసినది. రెండవ విధి కాగితముమీద న్యాయముగానే కనబడును. కాని ఆలోచింపుడు: ఎగువ జమీందారు చెఱువులోనో, పట్టణపు కుంటలోనో పెరిగిన మొక్క వఱదతో కొట్టుకొనివచ్చి, నీరు తీయగానే దిగువ రైతు చేనిలో కూర్చుండును. చట్టము దృష్టిలో నేరస్థుడు ఆ రైతే. మొక్కను పెంచినవాడొకడు, తొలగింపవలసినవాడు వేఱొకడు. సయాములో జరిగినదే ఇచ్చటను జరిగెను. నా మట్టుకు నాకు, ప్రజాధనము ప్రవేశింపవలసిన చోటు ఇదియేనని తోచుచున్నది. పాఱు నీటిమీద తేలు వస్తువునకు సొంతదారు నిలువడు. అట్టిదాని భారము ఊరుమ్మడిగా మోయకున్న, ఆఖరున అందఱికంటె పల్లమునందున్న పేదవాని నెత్తిన పడును.

ఆ చిక్కు ప్రజలకు తెలియకపోలేదు. 1937 ఎన్నికలలో వంగదేశపు ముఖ్యపక్షములన్నియు గుఱ్ఱపుడెక్క నిర్మూలనము తమ వాగ్దానములలో చేర్చినవి. ఒక కలుపుమొక్క ఎన్నికల ప్రణాళికలోనికెక్కుట లోకములో మఱెచ్చటనైన జరిగినదో లేదో! ఫజలుల్ హకు మంత్రివర్గము వచ్చినపిదప ప్రజలను కూడగట్టి పెద్దయెత్తున పని మొదలిడిరి. 1939లో గుఱ్ఱపుడెక్క వారము జరిపి విద్యార్థులను, ఉద్యోగులను నీటిలోనికి దింపిరి. వారము ఉత్సాహముగా జరిగినది. కాని వారమునకు రెండవవారమే మొక్క రెట్టింపగు గడువు గదా! అటుపిమ్మట ఏటేట విడువక సాగించిన పనివలనను, రైతులు దీనిని కుళ్లబెట్టి ఎరువుగా వాడ నేర్చుటవలనను 1947 నాటికి చాలవఱకు అదుపునకు వచ్చినదందురు. నిర్మూలనము మాత్రము కాలేదు. కాదు కూడను, ఏలయన దీని గింజలు బురదలో దిగి 20 ఏండ్ల వఱకును మొలకెత్తు శక్తితో నుండగలవు. మొక్కను తీసివేసిన కొలను శుభ్రమైనట్లు కనబడును గాని అడుగున విత్తనము దాగియుండును.

కూలిచేత తీయించుట, మందు చల్లించుట గాక మూడవమార్గ మొకటి కలదు. మన పెద్దల తాతల కాలమున దక్షిణదేశమున నాగజెముడు పొలములను, పోరంబోకులను ఆక్రమించి, పశువులకు మేతలేకుండ చేసియుండెను. అదియు అమెరికానుండి వచ్చిన పరదేశపు మొక్కయే. 1926లో మదరాసు రాజధానిలో సింహళమునుండి ఒక చిన్న పురుగును తెప్పించి దానిపై విడిచిరి. తెల్లని దూదిపింజవలె మట్టలకంటుకొని రసము పీల్చు ఆ పురుగు కొలది సంవత్సరములలో డొంకలకు డొంకలను కూల్చివైచెను. పైరు జోలికి పోలేదు. దానికి జెముడు తప్ప మఱి యాహారము లేదు. పుట్టింటి శత్రువును వెదకి తెచ్చుటయే ఈ మార్గపు మర్మము.

గుఱ్ఱపుడెక్కకును అట్లే చేసిరి. దాని ఆకును గీకి తిను రెండు జాతుల ముక్కుపురుగులను బెంగుళూరులోని భారతీయ ఉద్యానపరిశోధన సంస్థవారు 1982, 83 సంవత్సరములలో విదేశమునుండి తెప్పించి, మన పంటలను ముట్టవని పరీక్షించి చెఱువులలో విడిచిరి. బెంగుళూరు ప్రాంతమున ఫలించినట్లు 1988లో ప్రకటించిరి. ఆ సంస్థవారే నగరములోని ఒక కలువకొలనులో సాల్వీనియా అను మఱియొక పరదేశపు తేలుడుమొక్క దట్టముగా కప్పియుండగా, ఆస్ట్రేలియానుండి తెచ్చిన యొక ముక్కుపురుగును అందు విడిచిరి. ఏడాది తిరుగకముందే ఆ కొలను తేటపడినది. ఆ పురుగే తరువాత కేరళమునందలి కాలువలకు, వరిచేలకు పోయినది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులకు ఈ సాల్వీనియా విజయమునకు 1985లో యునెస్కోవారు బహుమానమిచ్చిరి. గ్రామపు పెద్దమనిషి అడిగిన షికారు కొలను ఇట్లు పరీక్షాస్థలముగా కూడ ఉపయోగించినదని చెప్పుట కిది యుదాహరణము. కొలనులో నిజము తేలినపిదప కాలువకు పోవుట సులభము. గట్టులున్నవి, కొలత యున్నది, దినదినము చూచుటకు మనుష్యులున్నారు.

అయితే పురుగునకు ఓపిక కావలెను. ఓపిక మన పద్దులలో లేదు. పురుగు పని రెండుమూడేండ్లది. ఒక శాఖవారు పురుగులను విడుతురు. ఆఱునెలలకు మఱియొక శాఖవారు మొక్కలను పురుగులతో సహా తీయించి ఒడ్డున పోయుదురు. మురుగునీరు దండిగా పాఱుచోట మొక్కకు ఎరువు మెండై పురుగు తినినదానికంటె ఎక్కువ చిగురించును. బెంగుళూరు చెఱువులలో గుఱ్ఱపుడెక్క మఱల కనబడుటకు ఈ మురుగునీరే పెద్ద కారణము.

నేనొకమారు ఒక పట్టణపు తోటలో కొలను శుభ్రము చేయుట చూచితిని. ఆ పట్టణము పేరు చెప్పను. ఇరువదిమంది కూలీలు నడుములోతు నీటిలో దిగి, తాళ్లతో లాగి, పచ్చని కుప్పలు గట్టున పోసిరి. కుప్పలు కొలిచి గుత్తేదారునకు బిల్లు వ్రాసిరి. తోలుటకు అంచనాలో డబ్బు లేదట. మఱునాడు రాత్రి పెద్దవాన కురిసెను. నేను మఱల చూడబోవునప్పటికి కుప్పలలో సగము జాఱి, ఇంటికి తిరిగివచ్చిన బిడ్డలవలె కొలనులో తేలుచుండెను. ఆ కూలీలు చేసిన కష్టమునందు లోపము లేదు. నీటిలోనుండి తీయుటకు ఒక పద్దు, ఒడ్డునుండి తోలుటకు వేఱొక పద్దు, మురుగును ఆపుటకు మఱియొక పద్దు. మూడును ఒక్క యేట కలిసిన దినము లేదు.

మన తెలుగునాట ఇందులకు పెద్ద దృష్టాంతము హైదరాబాదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, పదునాఱవ శతాబ్దిలో త్రవ్వించిన హుస్సేనుసాగరము మొదట నీటికొఱకే పుట్టినది. నేడు దాని చుట్టును ఉద్యానవనములు వెలసినవి. నగరపు నాలాలు తెచ్చు మురుగును తాగి గుఱ్ఱపుడెక్క అచ్చటను, నగరములోని ఇతర చెఱువులలోను పెరుగుచుండును. యంత్రపు పడవలతో తీయుదురు. నగరపాలక సంస్థలో ఈ పనిని చాలవఱకు చేయునది దోమల నివారణశాఖ. మొక్కల నడుమ నిలిచిన నీటిలో దోమలు పెరుగును గదా. కనుక ఒకే మొక్క దోమల పద్దులో నొకసారి, అలంకారపు పద్దులో నొకసారి, నీటిపారుదల పద్దులో నొకసారి దర్శనమిచ్చును. ఇక హుస్సేనుసాగరపు అలుగు నీరు ఎచ్చటికి పోవును? మూసీకి. మూసీ ఎచ్చటికి పోవును? నగరము దాటి పల్లెలకు. కత్వలనుండి కాలువలకు, కాలువలనుండి వరిచేలకు. దిగువ పల్లెలలో కత్వకడ తట్టుకొనిన గుఱ్ఱపుడెక్కను చూచిన రైతునకు, నగరపు తోటలోని కొలను పరాయి వస్తువు కాదు.

నన్ను ప్రశ్నించిన పెద్దమనిషికి నేనిప్పుడు చెప్పగల సమాధానము ఇదే: అయ్యా, ఆ లక్షలు షికారువారికొఱకు కాదు. కాని అవి లక్షలైనవనగా, పదుల రూపాయల నాడు ఎవరో ఊరకున్నారని యర్థము. ఊరకున్నవారిని అడుగు హక్కు పల్లమునందున్న మీకును కలదు.

ఫ్లోరిడావారు ఈ పాఠము నేర్చుటకు ఎనుబదియేండ్లు పట్టినది. నీటిగుఱ్ఱముల బిల్లు పోయినది, పాషాణము పోయినది; 1960 ప్రాంతమునకు ఆ రాష్ట్రమున లక్షా యిరువదియైదు వేల యెకరముల నీటిని గుఱ్ఱపుడెక్క కప్పియుండెను. 1970 తరువాత వారు పద్ధతి మార్చిరి. పెరిగినపుడు యుద్ధము ప్రకటించుట మాని, ఎల్లప్పుడును కొంచెము కొంచెముగా తీయుచు, మొక్కను మిక్కిలి తక్కువగా నుంచు విధానము అవలంబించిరి. దానికి ఏటేట వచ్చు రాబడి కావలసి, నీటిపై మరపడవలు నడుపువారు కొను చమురుపన్నులో కొంత భాగమును ఈ పనికి కేటాయించిరి. కొలది సంవత్సరములలో లక్షయెకరములు కొద్దివేల యెకరములకు దిగినవి. వారు ప్రధానముగా మందు చల్లుదురు. ఆ సంగతి దాచి చెప్పుట తగదు. పశువులు త్రాగు మన చెఱువులకు ఆ మార్గము చూచి చూచి నడువవలసినదే. అచ్చటి ప్రజలలో సైతము అభ్యంతరములు పుట్టి, 2019 మొదట కొన్ని వారములు పని నిలిపి, ప్రజల మాటలు విని, మఱల ప్రారంభించిరి.

ఈ విధానములో ఒక చిక్కున్నది. పని బాగుగా జరిగిన యేడు నీటిపై మొక్క కనబడదు. కనబడని మొక్కకు డబ్బెందులకని అడుగువారు బయలుదేరుదురు. పద్దు తగ్గించిన తరువాతి యేడు మొక్క తిరిగి కనబడును. కనుక అచ్చటి ఉద్యోగులు ఖాళీ నీటిమీద పడవలలో తిరుగుచు, రెల్లుగడ్డి మొదళ్లలో, వంతెన స్తంభముల నీడలలో దాగిన పది, పదునైదు మొక్కలను వెదకి, లెక్క వ్రాసికొని వత్తురు.